లైట్ల కింద మిర్చి నారు వాలిపోతే: నా అనుభవం

ఇంట్లో ఎల్‌ఈడీ ట్యూబుల కింద పెరిగే చపాట మిర్చి నారు తల వాల్చగానే నీళ్లు పోయొద్దు. ముందు ట్రే ఎత్తి చూడండి. తేలిగ్గా ఉంటే దాహం. అడుగు నుంచి నీళ్లు పట్టిస్తే కొద్ది గంటల్లో లేస్తుంది. బరువుగా ఉండీ వాలిందంటే వేళ్లకు గాలి అందట్లేదు. నాకు ఎదురైంది ఇదే. ఇలాంటప్పుడు ఇంకో చెంబు నీళ్లు పోస్తే నారు చేతికి రాదు.

ట్రే కింది పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోసి, కొబ్బరిపొట్టు పైపొర ఆరి రంగు తేలేదాకా నీళ్లు ఆపాను. చిన్న ఫ్యాను పక్క నుంచి మెల్లగా తిప్పాను. కొత్త ఆకులు నిలబడ్డాకే మళ్లీ నీళ్లు: పళ్లెంలో 1 సెంటీమీటరు లోతు, 20 నిమిషాలు, మిగిలింది పారబోయడం. వానాకాలం నారుకు ఓరుగల్లులో గాలే తేమగా ఉంటుంది, పొట్టు త్వరగా ఆరదు. రోజూ అనే లెక్క పెట్టుకోకుండా బరువు చూసే పోయాలి.

మొదలు దగ్గర కాండం నీరుపట్టినట్టయి, గోధుమరంగుకు తిరిగి, సన్నగా నొక్కుకుపోతే అది నారుకుళ్లు తెగులు. ఆ మొక్క ఇక బతకదు. పొట్టుతో సహా తీసేసి, ట్రేలో మిగిలిన గళ్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంద్రాల మందు) కలిపి మొదళ్లు తడిసేలా పోయాలి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. విత్తనాలు ఒత్తుగా చల్లిన ట్రేల్లో ఇది తొందరగా పాకుతుంది, గడికి ఒక్క మొక్కే ఉంచండి.

కాండం ఆరోగ్యంగానే ఉండి, సన్నగా సాగి వంగితే వెలుతురు చాలట్లేదు. 20 వాట్ల ట్యూబులను ఆకులకు 15 సెంటీమీటర్ల ఎత్తుకు దించి, రోజుకు 14 గంటలు వెలిగించండి. గది 35 డిగ్రీలు దాటే రోజుల్లో ఆ గంటలను రాత్రికి మార్చుకోవచ్చు.