జీతం పట్టేస్తామన్నారు: టెక్సాస్‌లో నేనేం చేశానంటే

ఆసుపత్రి బిల్లు కట్టలేకపోయాను. వసూళ్ల కంపెనీ మనిషి ఫోన్ చేసి మీ జీతంలోంచే పట్టుకుంటామన్నాడు. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు. న్యూజెర్సీలో మా బావ జీతంలో నిజంగానే కోశారు మరి.

తర్వాత తెలిసింది, ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుందని. ఆసుపత్రి బిల్లులాంటి మామూలు అప్పులకు పన్నులు పోగా మిగిలే జీతంలో 25 శాతం దాకా పట్టుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. టెక్సాస్ రాజ్యాంగం అలాంటి అప్పులకు జీతాన్ని ముట్టుకోనివ్వదు. పిల్లల పోషణ డబ్బు, ఫెడరల్ పన్నులు, ఫెడరల్ విద్యా రుణాల సంగతి వేరు. మామూలు అప్పుల విషయంలో ఉంటున్న సొంతిల్లు కూడా భద్రమే.

అలాగని ఊరుకుంటే మునిగేవాడినే. జీతం బ్యాంకులో పడ్డాక ఆ రక్షణ ఉండదు. కోర్టు తీర్పు వస్తే ఖాతానే ఆపించవచ్చు. నాకు అసలు భయం వేసింది ఇక్కడే. అందుకే జస్టిస్ కోర్టు (చిన్న మొత్తాల కేసులు చూసే స్థానిక కోర్టు) సమన్లు అందగానే, 14 రోజుల గడువు దాటకుండా జవాబు దాఖలు చేశాను. బిల్లు వివరాలన్నీ రాతపూర్వకంగా అడిగాను. ఇన్సూరెన్స్ కట్టిన సొమ్ము అందులో తగ్గించలేదని అప్పుడు బయటపడింది! మిగిలినది నెలకు 150 డాలర్ల చొప్పున కడతానని కాగితం రాసుకున్నాం. కేసు వెనక్కి తీసుకున్నారు.