ఇంట్లో చదువు ముందుకు సాగడం లేదా? సిలబస్ మార్చేముందు ఇది చూడండి

ఐదారేళ్ల పాపకి ఇంట్లోనే చదువు మొదలుపెట్టారు, మొదటి పుస్తకం గడగడా చదివేసింది, రెండోది తెరిచేసరికి ఏడుపు, కడుపునొప్పి, నీళ్లు కావాలంటూ లేచిపోవడం. వెంటనే సిలబస్ బాగాలేదని వేలు పోసి ఇంకో కిట్ తెప్పిస్తారు. అనంతపురంలో తెలిసినవాళ్ల ఇళ్లలో ఇదే చూస్తున్నాను, ఇదే చెబుతున్నాను. దయచేసి ఆగండి.

ముందు టైం చూడండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకి మధ్యాహ్నం కరెంటు లేని గదిలో పెద్దవాళ్లమే కూర్చోలేం, పసిపిల్ల ఎలా కూర్చుంటుంది? పొద్దున ఉగ్గాని తిన్నాక ఒక పదిహేను నిమిషాలు, ఆటకి వదిలేసి మళ్లీ ఇంకో పదిహేను. ఈ వయసుకి అది చాలు. పక్కగదిలో టీవీ ఆపండి.

టైం సరిగ్గానే ఉన్నా ఏడుపు ఆగకపోతే అసలు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: పాప చదవడం లేదు, అప్పజెప్తోంది. ఇది బయటికి కనపడదు, అందుకే అందరూ మోసపోతారు. గుణింతానికి ఒక రాగం ఉంది, ఆ రాగమే తర్వాతి అక్షరాన్ని లాక్కొస్తుంది. పుస్తకంలో బొమ్మ చూసి పదం చెప్పేస్తుంది. మనం కూడా రోజూ అదే వరుసలో అడుగుతాం కాబట్టి అంతా వచ్చేసిందనుకుంటాం. తేల్చుకోవడం చాలా సులువు. 'మొ' ఒక్కటే కాగితం మీద రాసి చూపించండి. పాప లోపల్లోపల మ, మా, మి, మీ అని మొదటినుంచి గొణుక్కుంటూ అక్కడికి వస్తే విషయం తెలిసిపోయినట్టే. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి పేజీని కింది పదం నుంచి పైకి చదివించండి, వేలు ఒక పదం మీద, నోరు ఇంకో పదం మీద ఉంటే అదీ అంతే.

పుస్తకం రెండు వారాలు పక్కన పెట్టేయండి. త, ల, ప, క, వ, న ఈ ఆరు అక్షరాలు చీటీల మీద రాసి కలిపేసి, వాటితో తల, వల, కల, పలక చేయించండి. ఆ తర్వాత ఎప్పుడూ చూపించని 'కలప' పెట్టండి, అది సొంతంగా చదివితేనే దీర్ఘం ఇవ్వండి: తాత, పాప, వాన, పాక. వరుసలో మాత్రం అడగొద్దు. అంకెలకీ ఇదే జబ్బు. పదకొండు తర్వాత ఎంత అంటే ఒకటి నుంచి మొదలుపెడుతుంది. గుప్పెడు చెనక్కాయలు పోసి, కొన్ని చేత్తో మూసి, ఎన్ని దాచానో చెప్పమనండి.

ఇంక పుస్తకాల సంగతి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పూర్తిగా ఇంగ్లిష్ కిట్ పెడితే పాప మళ్లీ అప్పజెప్పడానికే పోతుంది. వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా అంటోంది. మన రాష్ట్రంలో ప్రభుత్వ బడి పుస్తకాలు తయారుచేసే సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ, దాని ద్విభాషా పుస్తకాల్లో తెలుగు, ఇంగ్లిష్ ఎదురెదురు పేజీల్లో ఉంటాయి, తెలుగు పేజీ ముందు చేయించండి.

పుస్తకం ముఖానికి దగ్గరగా పట్టుకుంటుంటే కంటి పరీక్ష చేయించండి. చాలా నెలలైనా అక్షరాలు నిలవకపోతే పిల్లల డాక్టర్‌ని అడగండి. సర్టిఫికెట్ గురించా, ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్)లో 14 ఏళ్లు నిండాక పదో తరగతి రాయొచ్చు, ఇప్పటినుంచే దాని టెన్షన్ వద్దు.