ఆఫీసుకి రోజూ తోలడానికి పాత జపాన్ స్పోర్ట్స్ కారు: బెంగళూరులో ఏం చూసి కొనాలి

వీడియోలు చూసి మియాటా, సిల్వియా, ఆర్ఎక్స్-7 లాంటి జపాన్ స్పోర్ట్స్ కార్ల కోసం కలలు కంటుంటే వాటిని ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకుని వదిలేయండి. మన దేశంలో అవి అధికారికంగా అమ్మలేదు. వాడిన కారు బయటి నుంచి తెప్పించాలంటే మూడేళ్లకు మించి పాతది కాకూడదు, పైగా దిగుమతి సుంకం తడిసి మోపెడవుతుంది. కాబట్టి ఇక్కడ చవగ్గా దొరికే హుషారైన జపాన్ కార్లంటే 106 హార్స్‌పవర్ పాత హోండా సిటీ వీటెక్, 2006 నుంచి 2013 దాకా అమ్మిన సివిక్ 1.8, మిత్సుబిషి సెడియా 2.0, మరీ తక్కువ బడ్జెట్ అయితే 2005లో వచ్చిన మొదటి తరం స్విఫ్ట్ 1.3 పెట్రోల్. స్విఫ్ట్ స్పోర్ట్స్ కారేంటి అని నవ్వకండి, ఖాళీ రోడ్డు మీద ఒకసారి తోలి చూడండి.

వీటిలో ఏది కొనాలో ఇంజన్ చూసి కాదు, స్పేర్ పార్టులు చూసి తేల్చుకోండి. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. మొదట సెడియా కొన్నాను. స్టీరింగ్ పట్టుకుంటే దిగబుద్ధి కాదు, అంత బాగుంటుంది. ఒక మధ్యాహ్నం రేడియేటర్ ఫ్యాన్ మోటార్ పోయింది. మిత్సుబిషి కార్లు ఇక్కడ అమ్మడం మానేసి ఏళ్లయింది, కారు పార్టుల షాపులుండే జేసీ రోడ్డంతా తిరిగినా ఆ మోటార్ దొరకలేదు. చివరికి వేరే ఊళ్లో స్క్రాప్ కారు నుంచి తీసింది వచ్చేదాకా పందొమ్మిది రోజులు మారతహళ్లి నుంచి 500డి బస్సులో వేలాడుతూ ఆఫీసుకి వెళ్లాను. అందుకే కారు చూడక ముందే ఫ్యాన్ మోటార్, క్లచ్ ప్లేటు, లోయర్ ఆర్మ్ (ముందు చక్రాన్ని కింద పట్టి ఉంచేది), హెడ్‌లైట్ ఈ నాలుగూ ఎంతకి, ఎన్ని రోజుల్లో దొరుకుతాయో జేసీ రోడ్డులో ఇద్దరు ముగ్గురిని అడగండి. షాపువాడు అడగ్గానే ధర చెప్పేస్తే మంచి శకునం. 'ఫోటో పంపండి సార్, చూద్దాం' అంటే ఆలోచించండి.

కారు చూడటానికి పొద్దున్నే వెళ్లండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందు రోజే చెప్పండి. కేఆర్ పురం వైపు ఒక సివిక్ చూడటానికి ఆరూ నలభైఐదుకి వెళ్లాను. బానెట్ మీద చెయ్యి పెడితే అప్పుడే దించిన ఇడ్లీ పాత్రలా వెచ్చగా ఉంది. ఓనర్ 'ఇప్పుడే పాలు తేవడానికి వెళ్లొచ్చాను బ్రదర్' అన్నాడు. పాల షాపు ఆ అపార్ట్‌మెంట్ కిందే ఉంది! ఇంజన్ వేడిగా ఉంటే చాలా జబ్బులు దాక్కుంటాయి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే సైలెన్సర్ నుంచి ఒక బుస్సుమనే నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్లు అరిగాయని అనుమానించాలి. తెల్ల పొగ పది నిమిషాలైనా ఆగకుండా వస్తూ, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) మీద అనుమానం. ఆయిల్ పోసే మూత తిప్పి లోపల చూడండి, పాల కాఫీ రంగు జిగురు ఉంటే మెకానిక్ తేల్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

టెస్ట్ డ్రైవ్ మాత్రం ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద కాదు. సాయంత్రం ఆరున్నరకి ఏసీ పెట్టుకుని, ట్రాఫిక్ జామ్‌లకి పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్ వైపు వెళ్లండి. ఓనర్ గొణుగుతాడు, గొణగనివ్వండి. ఇరవై నిమిషాల జామ్‌లో టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పాకకూడదు, ఏసీ చల్లదనం తగ్గకూడదు, క్లచ్ తొక్కి తొక్కి ఎడమ కాలు వణక్కూడదు. రోడ్డు కాస్త ఖాళీ దొరకగానే నాలుగో గేరులో నలభై మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి, ఆర్పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. తర్వాత ముగ్గురు స్నేహితుల్ని వెనక కూర్చోబెట్టుకుని మీ వీధి హంపు ఎక్కించండి. సివిక్ అయితే కింద గీసుకునే అవకాశం ఎక్కువ, అందుకే చాలామంది స్ప్రింగుల దగ్గర స్పేసర్లు వేయిస్తారు. నేనైతే తప్పు పట్టను.

కానీ సైలెన్సర్ మార్చి, స్ప్రింగులు కోసి కిందికి దించిన కారు రోజూ తోలడానికి వద్దే వద్దు. పోలీసు ఫైన్ సంగతి అటుంచండి, దాన్ని ముందు ఓనర్ ఎలా తోలి ఉంటాడో ఆలోచించండి.

సిటీ వీటెక్‌కి, సెడియాకి టైమింగ్ బెల్ట్ ఉంటుంది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే కొన్న వారంలోనే మార్పించండి, తెగితే ఇంజన్ పనైపోతుంది. సివిక్‌కి చైన్, ఆ టెన్షన్ తక్కువ. ఇంకో సంగతి, ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. ఈ కార్లు దానికోసం చేసినవి కావు కాబట్టి ఫ్యూయల్ పైపులు, సీళ్లు ముందే చూపించుకోండి.

కాగితాల దగ్గర బద్ధకం పనికిరాదు. నంబరు ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో కొట్టి ఎన్నో ఓనర్, లోన్ ఉందా, చలాన్లు ఎన్ని అని చూడండి. లోన్ తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు ఉండిపోతే ఆ పేరు తీయించే ఫారం 35 అడగండి. 15 ఏళ్లు నిండిన కారైతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలి, 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగింది, 20 ఏళ్లు దాటిన కారుకైతే 2025 ఆగస్టు నుంచి 10,000, గ్రీన్ టాక్స్ వేరే. అనంతపురంలో మామయ్య కారు చవగ్గా ఇస్తానంటున్నాడా? అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చి, కర్ణాటక లైఫ్ టాక్స్ కట్టి, కేఏ నంబరుకి మార్చేసరికి అయ్యే ఖర్చు లెక్కేసుకున్నాకే మామయ్యకి మాటివ్వండి.

మా ఇంట్లో ఇప్పుడున్నది 2011 మాన్యువల్ సివిక్. ఊళ్లో లీటరుకి ఎనిమిదీ తొమ్మిదీ ఇస్తుంది, అది ఇష్టపడి భరిస్తున్నాను. మీరు ఏది తీసుకున్నా కారు ధరలో కనీసం నాలుగో వంతు పక్కన పెట్టుకోండి, మొదటి ఆరు నెలల్లో బుష్‌లు, టైర్లు, బ్యాటరీ అని అది ఖర్చయ్యేదే. ఆర్సీ మీ పేరు మీదికి మారేదాకా అమ్మినవాడికి ఇవ్వాల్సిన దాంట్లో కొంత ఆపుకోండి, ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజుల్లో అప్లై చేయండి. ముందు ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, కాబట్టి ప్రీమియం ఎక్కువ కట్టమంటే ఏజెంటుతో గొడవ పడకండి.