ఇంగ్లిష్‌లో కబుర్లు చెప్పుకునే గ్రూపును నడపడం ఎలా?

చదివితే అర్థమవుతుంది, వింటే చాలావరకు అర్థమవుతుంది, నోరు తెరిచేసరికి మాట రాదు. ఇంగ్లిష్ నేర్చుకునే పెద్దవాళ్లలో చాలామంది బాధ ఇదే. వీళ్లకు ఇంకో గ్రామర్ పుస్తకం అక్కర్లేదు. తప్పు మాట్లాడినా ఎవరూ నవ్వని చోటు ఒకటి కావాలి. వారానికి ఓ గంటన్నర కేటాయించగలిగితే ఆ చోటు మీరే ఏర్పాటు చేయొచ్చు. టీచరు అయి ఉండక్కర్లేదు. నిజం చెప్పాలంటే, టీచరు అలవాట్లు ఉంటేనే ఇక్కడ కాస్త ఇబ్బంది.

ముందు మనుషులు

ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఉంటే బాగుంటుంది. నలుగురితో మొదలుపెడితే ఇద్దరు రాని రోజు ఇక కబుర్లే ఉండవు. పన్నెండు మంది వచ్చారనుకోండి, గంటలో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే మనిషికి దక్కేది 5 నిమిషాలు. అదే ఇద్దరిద్దరుగా కూర్చోబెడితే ఒక్కొక్కరికి దాదాపు 30 నిమిషాలు వస్తాయి. కాబట్టి ఎక్కువమంది వస్తే కంగారు పడకండి, జంటలు కట్టండి. కుర్చీలు గుండ్రంగా వేయండి. వరుసలుగా వేస్తే బడి గుర్తొస్తుంది, బడి గుర్తొస్తే టెన్షన్ కూడా వెంటే వస్తుంది.

అందరి స్థాయీ ఒకేలా ఉండదు. యూరప్ దేశాల సంస్థ అయిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన భాషా స్థాయిల కొలమానంలో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. మీరు పరీక్షలేమీ పెట్టక్కర్లేదు గానీ ఒక్క తేడా గమనిస్తే చాలు. రోజువారీ సంగతులు చిన్న చిన్న వాక్యాల్లో చెప్పేవాళ్లు ఏ2 దగ్గర ఉన్నట్టు, జరిగింది కథలా చెప్పి తన అభిప్రాయానికి కారణం కూడా చెప్పగలిగితే బీ1కి వచ్చినట్టు. ఇద్దరూ ఒకే జంటలో పడితే మొదటివాళ్లను ప్రశ్నలు అడగమనండి, రెండోవాళ్లను జవాబులు చెప్పమనండి.

ప్రశ్నలు ముందే రాసుకోండి

‘డూ యు లైక్ ట్రావెలింగ్?’ అని అడిగితే ‘యెస్’ అంటారు. అంతే, కథ కంచికి. ‘టెల్ అజ్ అబౌట్ ఎ ట్రిప్ దట్ వెంట్ రాంగ్’ అనండి, బస్సు తప్పిపోయిన రోజు నుంచి మొదలవుతుంది. ఇంకా సులువు కావాలంటే, బ్యాగులోంచో జేబులోంచో ఒక వస్తువు తీసి అదెలా వచ్చిందో చెప్పమనండి. ఓ ఎనిమిది ప్రశ్నలు రాసుకెళ్తే మూడింటితోనే సమయం అయిపోతుంది. జీతం, పెళ్లి, మతం, రాజకీయాలు మొదటి వారాల్లో వద్దు. ఎవరి గాయం ఎక్కడుందో మనకు తెలియదు.

నాకు బాగా నచ్చిన పద్ధతి 4-3-2. దీన్ని 1983లో కీత్ మారిస్ ప్రతిపాదించగా, భాషాబోధన పరిశోధకుడు పాల్ నేషన్ రాతలతో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఒక విషయం గురించి ఒకరికి 4 నిమిషాలు చెప్పాలి. అదే విషయం ఇంకొకరికి 3 నిమిషాల్లో, మూడోవారికి 2 నిమిషాల్లో చెప్పాలి. వినేవాళ్లు మధ్యలో అడ్డు రాకూడదు. మూడోసారికి ఏం చెప్పాలా అన్న వెతుకులాట ఉండదు, మాటలు వాటంతటవే జారుతాయి. కొత్తవాళ్లకు 4 నిమిషాలు కొండంత ఉంటాయి కాబట్టి 2 నిమిషాలతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రండి.

ఇప్పుడు మీరు ఆగాలి

అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. ఒకసారి మా గ్రూపులో ఒకావిడ ‘మై డాటర్ ఈజ్...’ అని ఆగారు. వాళ్లమ్మాయి ఆసుపత్రిలో పనిచేస్తుందని గుర్తొచ్చి, నేను ఉండబట్టలేక ‘ఎ నర్స్?’ అని అందించాను. ‘యెస్, నర్స్’ అని కూర్చున్నారు. వెళ్లేటప్పుడు తెలిసింది, ఆవిడ చెప్పబోయింది కూతురు కారు నడపడం నేర్చుకుంటోందని. మర్యాద కోసం నా మాటకు తలూపి, తన మాట మింగేశారు.

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసుల్లో గమనించింది కూడా ఇలాంటిదే. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగేవారట. దాన్ని 3 సెకన్లకు, ఆ పైకి పెంచితే జవాబులు పొడవయ్యాయి. తనది కాని భాషలో వాక్యం కూర్చుకునే మనిషికి ఇంకాస్త సమయం కావాలి కదా? మనసులో అయిదు దాకా లెక్కపెట్టండి. ఆ అయిదూ చాలా పొడుగ్గా అనిపిస్తాయి, అనిపించనివ్వండి.

తప్పుల సంగతి

మాట మధ్యలో దిద్దకండి. ‘యెస్టర్‌డే ఐ గో టు డాక్టర్’ అంటే ‘ఓ, యు వెంట్ టు ద డాక్టర్? వై?’ అని మామూలుగా అడిగేయండి. సరైన రూపం చెవిన పడుతుంది, కబురూ ఆగదు. మిగతావి చీటీ మీద రాసుకుని, చివరి పది నిమిషాల్లో నాలుగైదు వాక్యాలు బోర్డు మీద పెట్టి అందరినీ సరిచేయమనండి. ఎవరు అన్నారో చెప్పొద్దు. ఆ రోజు విన్న చక్కటి వాక్యం ఒకటి కూడా అందులో కలపండి. ఉచ్చారణ జోలికి మాత్రం, అర్థం కానప్పుడే వెళ్లండి.

ఎవరో ఒకరు గుక్క తిప్పుకోకుండా మాట్లాడతారు. మనిషికి మూడు కాగితం ముక్కలు ఇచ్చి, మాట్లాడిన ప్రతిసారీ ఒకటి మధ్యలో పెట్టమనండి. ముక్కలు అయిపోతే వినడమే. మౌనంగా ఉండేవాళ్లకు ‘పాస్’ అనే హక్కు ఇవ్వండి. మాట తట్టక మాతృభాషలో ఒక ముక్క అంటే అననివ్వండి, ‘హౌ డూ యు సే దిస్?’ అని అడగడం మొదటిరోజే నేర్పితే చాలు.

రెండు మూడు నెలలు గడిచాక ఒక వారం ప్రశ్నల కాగితం గ్రూపులో ఒకరి చేతికిచ్చి, మీరు వెళ్లి మామూలు కుర్చీలో కూర్చోండి. వాళ్లు ఎక్కడో తడబడతారు, మీకు నోరు ఆగదు. అప్పుడు కూడా అయిదు లెక్కపెట్టాలి.