పిస్టన్‌కీ వాల్వ్‌కీ మధ్య గ్యాప్ క్లేతో కొలవడం
క్యామ్ (వాల్వ్‌లను తెరిచే షాఫ్ట్) మార్చినా, హెడ్ ఫేసింగ్ (సిలిండర్ హెడ్ అడుగును చెక్కి చదును చేయడం) చేయించినా ఈ గ్యాప్ చూడకుండా ఇంజిన్ బిగించొద్దు. కోఠి స్టేషనరీ షాపుల్లో దొరికే పిల్లల క్లే చాలు. పిస్టన్ మీది వాల్వ్ గుంటల్లో 5 మి.మీ. మందాన అద్ది, వాల్వ్‌లకు నూనె రాయండి. లేదంటే క్లే వాటికే అంటుకుని ఊడొస్తుంది.

చివర్లో వేసే హెడ్ గాస్కెట్‌కు సమాన మందమున్న వాడిన గాస్కెట్ వేసి, హెడ్‌ను చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి, క్యామ్ టైమింగ్, ట్యాపెట్ (క్యామ్ కదలికను వాల్వ్‌కు అందించే ముక్క) సెట్ చేయండి. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ ట్యాపెట్ అణిగిపోయి గ్యాప్ ఎక్కువున్నట్టు చూపిస్తుంది, కొలిచేంతవరకూ సాలిడ్‌ది పెట్టండి. క్రాంక్‌ను చేత్తోనే రెండు చుట్లు తిప్పండి. గట్టిగా తగిలితే అక్కడే ఆగండి.

హెడ్ విప్పి, క్లేను బ్లేడుతో నిలువునా కోసి, బాగా పల్చబడ్డ చోట వెర్నియర్ డెప్త్ పుల్లతో కొలవండి. మే ఎండకు క్లే మెత్తబడి కోత చెదురుతుంది, పొద్దున్నే పని పెట్టుకోండి.

ఇన్‌టేక్‌కు కనీసం 2 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 2.5 ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వ్ వేడికి సాగుతుంది, అది మూసుకుంటుండగా పైకొచ్చే పిస్టన్ దాన్ని తరుముతుంది కూడా.