మొదటి జంట ట్యాంకులు కొనేముందు: వెట్‌సూట్ మీద స్టీలు వద్దు

వీపున జంట గాలి ట్యాంకులతో నీళ్లలోకి దిగిన ఒక స్కూబా డైవర్ పైకి రాలేదన్న వార్త ఈమధ్య మళ్లీ వచ్చింది. ట్యాంకుల్లో గాలి మిగిలే ఉంది. నీళ్లలో తేల్చడానికి వీపున ఉండే గాలి సంచి, అంటే వింగ్, చిరిగింది, బరువు కిందికి లాగేసింది. మంచి వింగ్ కొనుక్కోవాలన్నదే అందరి సలహా. ఎంత మంచి వింగ్ అయినా ఏదో ఒక రోజు చిరుగుతుంది. అసలు తప్పు ట్యాంకులు ఎంచుకున్న రోజే జరిగిపోయింది.

శిక్షణ లేకుండా దిగకూడదని, పరీక్ష గడువు దాటిన ట్యాంకు కొనకూడదని మీకు వేరే చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే: వెట్‌సూట్‌తో, అంటే ఒంటికి అతుక్కునే బుడగల రబ్బరు సూట్‌తో దిగేవారు స్టీలు జంట కొనకూడదు.

లెక్క వేసి చూడండి. 12 లీటర్ల ట్యాంకులు రెండింటిని 200 బార్‌కు నింపితే 4,800 లీటర్ల గాలి. ఆ గాలి బరువే దాదాపు 6 కిలోలు. డైవ్ మొదట్లో అదంతా వీపు మీదే ఉంటుంది. దానికి స్టీలు బరువు, రెండు ట్యాంకులనూ కలిపే మానిఫోల్డ్, పట్టీలు తోడు. ఇక సూట్ సంగతి: 30 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి నాలుగింతలు. సూట్ రబ్బరు నియోప్రీన్‌లోని బుడగలు నలిగిపోతాయి. పైన మిమ్మల్ని తేల్చిన సూట్ అక్కడ చేతులెత్తేస్తుంది. ఆ సమయంలో వింగ్ పోతే వదిలేయడానికి నడుముకు బరువులైనా ఉండవు. స్టీలు ఉంది కదా అని వాటిని ముందే తీసేసి ఉంటారు.

80 ఘనపుటడుగుల అల్యూమినియం ట్యాంకు నిండుగా ఉంటే కాస్త మునుగుతుంది, ఖాళీ అయ్యేసరికి సుమారు రెండు కిలోలు పైకి లాగుతుంది. అందుకే నడుముకు బరువు కట్టాలి. చాలామంది దీన్ని లోపమంటారు. నాకైతే అదే దాని గుణం: ప్రాణం మీదికి వస్తే ఆ బరువు వదిలేయవచ్చు. నీరు చొరని డ్రైసూట్ ఉన్నవారు సూట్‌లోకి గాలి నింపుకొని పైకి రాగలరు కాబట్టి వారికి స్టీలే సుఖం.

పడవ అంచు నుంచి ఒకాయన దూకడం చూశాను. వింగ్‌లోకి గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ గొట్టం తగిలించుకోలేదు. బొటనవేలితో బటన్ నొక్కుతూనే ఉన్నాడు, వింగ్ ఉబ్బడం లేదు, మనిషి నిలువునా దిగిపోతున్నాడు. తోటి డైవర్ భుజం పట్టీ అందుకోబట్టి బతికాడు. ఆయన వీపున స్టీలు జంట, ఒంటి మీద 3 మిల్లీమీటర్ల సూట్.

కొనేముందు అద్దెకు తెచ్చి చూడండి. శిక్షకుడు పక్కన ఉండగా, ఐదారు మీటర్లకు మించి లోతు లేని చోట, నిండు ట్యాంకులతో, వింగ్ పూర్తిగా ఖాళీ చేసి కాళ్ల ఫిన్లతో పైకి ఈదండి. సూట్ ఇంకా పూర్తిగా నలగని ఆ లోతులోనే ఆయాసం వస్తే 30 మీటర్ల దగ్గర ఆశ పెట్టుకోకండి.

మిగతావి వరసగా చెబుతాను. రెండు ట్యాంకులూ ఒకే తయారీవి, ఒకే పరిమాణంవి కావాలి. మీ వీపు పొడవుకు మించినవి వద్దు. తగిలించుకొని రెండు వాల్వులూ, వాటి మధ్య ఉండి ట్యాంకులను విడదీసే ఐసొలేటర్ వాల్వూ చేతికి అందుతున్నాయో లేదో చూడండి. పట్టీలు సరిచేసుకున్నా అందకపోతే కొనకండి. 6351 మిశ్రలోహంతో చేసిన పాత అల్యూమినియం ట్యాంకులు ఎంత చవకైనా వద్దు, వాటి మెడ దగ్గర పగుళ్లు వచ్చిన చరిత్ర ఉంది. ఒంటి ట్యాంకు వింగ్ దీనికి వాడకండి. ఐసొలేటర్ మూసి ఉండగా నింపితే ఒక్క ట్యాంకే నిండుతుంది. గాలి ఒత్తిడి చూపే గేజ్ సాధారణంగా ఎడమ వాల్వుకు ఉంటుంది, మీరు పీల్చేది కుడివైపు నుంచి. ఐసొలేటర్ మూసి ఉంటే గేజ్ ముల్లు కదలదు. గాలి తగ్గడం లేదని మురిసిపోకండి, అది ప్రమాద సూచన. ఐసొలేటర్ తెరిచి ఉందో లేదో నింపే ముందు తిప్పి చూడండి, దిగే ముందు మళ్లీ తిప్పి చూడండి. బేరం బాగుందని స్టీలు జంట కొనేసి, సూట్ సంగతి తర్వాత చూద్దామనుకోకండి. వెట్‌సూట్ మీద స్టీలు వద్దు. సూట్ మార్చిన ప్రతిసారీ లెక్క మొదటినుంచి వేయండి.