చప్పట్లతో చదువు, చింతపిక్కలతో లెక్క

అంగన్‌వాడీలోనైనా, యూకేజీలోనైనా నాలుగైదేళ్ల పిల్లలకు చదువు, లెక్కలు విడివిడిగా చెప్పక్కర్లేదు. మన ఊళ్ల పేర్లు, గుప్పెడు చింతపిక్కలు చాలు.

మీరు "కావలి" అనండి. పిల్లలు కా... వ... లి... అంటూ మూడు చప్పట్లు కొట్టి, ఒక్కో చప్పటకు ఒక్కో పిక్క నేల మీద వరసగా పెడతారు. దాని కిందే "కందుకూరు" పెట్టించండి. నాలుగు పిక్కలు. ఏ పేరు పెద్దది? ఎన్ని ఎక్కువ? ఒక పిక్క బయటికి వచ్చి కళ్లకే కనపడుతుంది. తీసివేత అనే మాట ఎత్తకుండానే తీసివేత మొదలైపోతుంది! దర్శికి రెండే, పొదిలికి మూడు. ఆ తర్వాత పిల్లల పేర్లతో ఆడించండి, ఇక వదలమన్నా వదలరు.

తెలుగులో దాదాపు ఒక్కో చప్పటకు ఒక్కో అక్షరం ఉంటుంది కాబట్టి పని ఇంకా తేలిక. రెండో వారంలో "కావలి" అని పలక మీద పెద్దగా రాసి, ఒక్కో అక్షరం కింద ఒక్కో పిక్క పెట్టించండి. వేలు పెట్టి చదవడం అక్కడే వస్తుంది. అఆలన్నీ కంఠతా వచ్చేదాకా ఆగాలని నేననుకోను. నెల్లూరు, చీమకుర్తి లాంటి ఒత్తుల పేర్లు మాత్రం ముందు చెవికే వినిపించండి, రాత తర్వాత.

నోట్లో, ముక్కులో పెట్టుకునే చిన్నపిల్లలు ఉంటే పిక్కలు వద్దు, పెద్ద డబ్బా మూతలు వాడండి. ఆట అయ్యాక లెక్కపెడుతూ డబ్బాలో వేయమనండి.